ఆమె శాలువా ఆమెకే

ఆమె పేరు రాయను. రాస్తే మా గల్లీవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత చదువుతారు. శంషాబాద్‌లో మేముండే ఈ గల్లీలో ఆమె పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే ముచ్చట: సన్మానసభలో తను అల్లిన శాలువాను తనకే కప్పించుకున్న అక్క. ఆమె పోయి నెల కూడా కాలేదు, ఆ ముచ్చట చెప్పుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అది అబద్ధమని తెలిసినవాళ్లం ఇక ఇద్దరమే మిగిలాం, నేనూ మావారూ. రాస్తే నా సిగ్గు తగ్గుతుందని కాదు. నోటితో చెప్పి చూశాను, ఇంకా పెరిగింది.

మా ఎదురిల్లు ఆమెది. పాల్మాకుల దగ్గర వాళ్లకు జొన్న, కంది పండే చేను ఉండేది. చుట్టూ వెంచర్లు వచ్చాయి, వాళ్ల చేనూ ప్లాట్లయింది. ఇక్కడికొచ్చి మూడంతస్తుల మేడ కట్టుకున్నారు. భర్త గృహప్రవేశం చూసి, మరుసటి ఏడే పోయాడు. కూతుర్ని సాతంరాయిలో ఇచ్చారు. పై వాటాలు విమానాశ్రయంలో పనిచేసేవాళ్లకు కిరాయికిచ్చి, కింద ఆమె ఒక్కతే ఉండేది. ఉండేది అన్నానే గాని, ఇంట్లో ఎప్పుడూ ఉండేది కాదు. ఆమె ఉండే చోటు మెట్లు.

మెట్ల మీద కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నా ఆమె కుడిచెయ్యి నేల మీద పాకుతూ ఉండేది. బండల సందుల్లో మొలిచిన గడ్డిపరక ఎక్కడుందో చూడకుండానే పట్టుకుని, వేరుతో సహా లాగి పక్కన పెట్టేది. మా ఇంటికొస్తే మా వాకిట్లోనూ అదే పని. ఒకసారి నేను ముచ్చటపడి నర్సరీ నుంచి తెచ్చి కుండీలో పెంచుకుంటున్న గడ్డిని కూడా శుభ్రంగా పీకేసింది. నేను లబోదిబోమంటే, "అయ్యో, గడ్డిని గూడ పెంచుతరా టీచరమ్మా?" అని నోరు నొక్కుకున్నది. ఆ పూట నేను ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రానికి ఆ కుండీలో కొత్తిమీర గింజలు చల్లి ఉన్నాయి.

"ఉత్తగ కూసుంటె నా చేతులకు సిగ్గయితది" అనేది. ఆమెకు కాదు, ఆమె చేతులకు. చేను ఉన్న రోజుల్లో ఆ చేతులు పండించింది ఎవరో ఒకరు తినేవాళ్లు. ఇప్పుడు కిరాయిలు వాటంతట అవే వస్తున్నాయి, చేతులకు పని లేదు. "ఇప్పుడు నా చేతులతోని చేసింది ఎవ్వలకన్న అక్కెరకొస్తదా, చెప్పు?" అని నన్ను నిలదీసేది. బళ్లో అన్ని ప్రశ్నలకూ జవాబులు చెప్పిన నేను, దానికి మాత్రం చాయ్ పెడతానని లేచేదాన్ని.

ఆ చేతులకు ఊలు అలవాటు చేసింది పైవాటాలో కొన్నాళ్లు కిరాయికున్న ఒక నర్సమ్మ. మిషన్ హాస్టల్లో చదువుకున్న మనిషి, డ్యూటీ అయి వచ్చాక మెట్ల మీద కూర్చుని అల్లుకునేది. అల్లికలో ఉన్నవి రెండే కుట్లట, సీదా, ఉల్టా. లోకంలోని స్వెట్టర్లన్నీ ఆ రెండింటితోనే అవుతాయట. నర్సమ్మ అక్కకు సీదా నేర్పింది. ఉల్టా మొదలుపెట్టేలోపు వేరే ఊరి దవాఖానలో పని దొరికి, సామాను సర్దుకుని వెళ్లిపోయింది. అక్క చదువు అక్కడితో ఆగింది. ఫోన్లో చూసి నేర్చుకోరాదా అని నేనంటే, "గా ఫోన్ల పిల్ల చేతులు మస్తు జల్ది ఆడిస్తది. నన్ను చూసి నవ్వినట్టుంటది" అనేది.

ఒక్క సీదాతో అయ్యేది శాలువా ఒక్కటే. దానికి మెడ ఉండదు, చేతులుండవు, పూలుండవు. ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసదాకా అల్లుకుంటూ పోవడమే. "నాకు సీదా ఒక్కటే వస్తది, ఉల్టా రాదు" అని గల్లీలో గొప్పగా చెప్పుకునేది. కొత్తగా వచ్చినవాళ్లు అది ఆమె స్వభావం గురించి అనుకునేవాళ్లు, అదీ తప్పు కాదు.

పోయిన మనిషి కదా అని ఎక్కువ చేసి చెప్పకూడదు, ఆమె అంత బాగా అల్లేది కాదు. మాటల్లో పడి ఉన్న కుట్లు జారవిడిచేది, లేని కుట్లు పుట్టించేది. ఏ శాలువా అయినా ఒక కొసన సన్నగా మొదలై రెండో కొసకు వెడల్పయ్యేది. "మన రోడ్డు లెక్కనే. ఊర్ల సన్నగుంటది, బెంగుళూరు హైవే దగ్గర్కి పోతే ఎడల్పయితది" అని తనే వెక్కిరించుకునేది.

అసలు శంషాబాద్‌లో ఊలు శాలువా ఎవరికి కావాలి? సంక్రాంతి ముందు నాలుగు పొద్దులు తప్ప ఇక్కడ చలి ఎక్కడిది? అయినా అల్లింది, అల్లినవి పంచింది. తీసుకున్నవాళ్లు మొహమాటానికి ఏదో ఒక సాకు చెప్పేవాళ్లు. పక్కింటి కోడలు, "మంచిగుంది గాని గరగర అంటున్నది పెద్దమ్మా" అన్నది. అక్క అది సాకు అనుకోలేదు, కొలత అనుకున్నది. ఊటీ యాత్రకు పోయినప్పుడు మెత్తటి ఊలు వెతికి కొనుక్కొచ్చింది. ఆ శాలువా తీసుకున్న తోడికోడలు, "మెత్తగుంది గాని ఉక్క పోస్తది" అన్నది. మైసూరు పోయినప్పుడు పట్టుదారం కలిపిన ఊలు తెచ్చింది. ఇంకొకరు బరువన్నారు, తేలికది వెతికింది. మేమంతా నోటికొచ్చిన అబద్ధం చెప్పి తప్పించుకుంటుంటే, ఆమె మా అబద్ధాలన్నీ మనసులో పెట్టుకుని, ఒక్కోదానికి తగిన ఊలు కోసం దేశం తిరిగింది. తిరిగిన ప్రతిచోటా గుడి చూసిందో లేదో గాని ఊలు దుకాణం చూడకుండా రాలేదు.

"ఒక్కలన్న కప్పుకుంటే కండ్ల జూడాలె టీచరమ్మా. ఇగ నాకేం అక్కెర లేదు" అనేది.

మావారు హెడ్మాస్టరుగా రిటైరైన ఏడాది మేం ముగ్గురం ఒక బృందంతో కలిసి కశ్మీర్ వెళ్లాం. రోజూ మా ఇళ్ల మీంచి పోయే విమానం ఎక్కడమే పెద్ద సంబరం. ఆ సంబరంలో అక్క అల్లిక సూదులు పెద్ద పెట్టెలో పెట్టడం మరిచిపోయి చేతిసంచిలో వేసుకొచ్చింది. తనిఖీ దగ్గర అమ్మాయి వాటిని బయటికి తీసింది.

"పొడిచే సూదులు గావు బిడ్డా, అల్లే సూదులు. జర చూడు" అన్నది అక్క.

ఆ అమ్మాయి నవ్వింది గాని సూదులు ఇవ్వలేదు. అక్క గొడవపడలేదు. "నీ డ్యూటీ నువ్వు చెయ్యాలె" అని, ఆ పిల్ల మెడ వంక పరీక్షగా చూసి, "ఈ ఏసీల పొద్దుందాక నిలబడితే నీకు చలి పెడ్తలేదా?" అని అడిగింది. వెనక వరుస అంతా మమ్మల్నే చూస్తోంది. నేను ఆమె మోచెయ్యి పట్టి లాక్కొచ్చాను.

శ్రీనగర్‌లో ఒక మేడ మీద దుకాణం. చెప్పులు విప్పించి తివాచీ మీద కూర్చోబెట్టి, వేడి కహ్వా పోసిచ్చి, దుకాణదారు మా ముందు శాలువాలు పరుస్తూ పోయాడు. అక్క ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. "అయినయి నాకెందుకు? ఊలు చూపియ్యమను" అని నాతో అన్నది. నా హిందీ మీద నమ్మకం చాలక తనే అందుకున్నది.

"భయ్యా, ఊన్ హోనా. నరమ్ హోనా, బహుత్ నరమ్. హమారే సారు కా గలా జర నాజూక్ హై."

మావారి మెడ అంత నాజూకని, దానికి అంత మెత్తటి ఊలు కావాలని అప్పటిదాకా నాకూ తెలియదు. ఎప్పుడో శాలువా మాటొస్తే ఆయన తప్పించుకోవడానికి, "నాకు ఊలు పడదమ్మా, మెడ దగ్గర దురదొస్తుంది" అన్నారట. ఆ మాటను ఆమె కశ్మీర్ దాకా మోసుకొచ్చింది.

దుకాణదారు లోపల్నుంచి పష్మీనా ఊలు చుట్టలు తెచ్చాడు. రంగు వేయనివి, పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉన్నాయి. అక్క ఒక చుట్టను చెంపకు ఆనించుకున్నది, తర్వాత మోచేతి మడతలో పెట్టుకున్నది, ఆ తర్వాత నా చెయ్యి లాక్కుని నా మోచేతి మడతలో పెట్టి కళ్లు మూసుకోమన్నది. మూసుకున్నాను. అక్కడేదో ఉన్నట్టే తెలియలేదు. ధర విని మావారు కహ్వా కప్పు కింద పెట్టేశారు. నేను ఆమె చెవిలో, "అక్కా, అల్లేది మామూలు శాలువా. దానికి గింత ఖరీదు ఊలు ఎందుకు?" అన్నాను.

"అల్లిక నాకు సక్కగ రాదు గద టీచరమ్మా. ఊలన్న మంచిగుండాలె" అన్నది.

ఆ సాయంత్రం హోటల్లో ఆ చుట్టల్ని ఉండలు చేయాలని మావారి రెండు చేతులూ ముందుకు చాపించి, వాటికి ఊలు తగిలించి, ఎదురుగా కూర్చుని తీరిగ్గా చుట్టుకున్నది. హెడ్మాస్టరుగారు అరెస్టయిన మనిషిలా కదలకుండా కూర్చున్నారు. నేను నవ్వి నవ్వి మంచం మీద పడ్డాను. మేం ముగ్గురం అంత హాయిగా నవ్వుకున్నది మళ్లీ లేదు.

తిరుగు ప్రయాణంలో ఊలు ఉంది, సూదులు లేవు. ఆమె చేతులు ఊరుకోక సీటుబెల్టు కొసను పీకుతున్నాయి. పదకేళి పూరించే అలవాటు కొద్దీ నా సంచిలో రెండు పెన్సిళ్లుంటాయి. వాటిని అడిగి తీసుకుని, వాటితోనే అల్లడం మొదలుపెట్టింది. పెన్సిళ్లు సన్నం కావడంతో కుట్లు బిగుసుకున్నాయి, మొనల సీసం అంటుకుని ఊలు మసిబారింది. శంషాబాద్‌లో దిగేసరికి నాలుగు వేళ్ల వెడల్పు అయింది. మిగతాది ఇంటికొచ్చి సూదులతో అల్లింది. దాంతో ఆ శాలువా ఒక అంచు బిగువుగా, నల్లగా, తక్కినదంతా వదులుగా వచ్చింది. ఆ అంచు విప్పి మళ్లీ అల్లరాదా అన్నాను. "ఇప్పను. ఇది ఇమానంల అల్లింది. సారు నలుగురికి చెప్పుకోడానికుంటది" అన్నది.

అది పూర్తయిన రోజు మా ఇంటికొచ్చి, "రిటైరైతే అందరు దుకాణం శాలువాలు కప్పిన్రు. నాది జర ఆలస్యమైంది సారూ" అంటూ తన చేత్తోనే మావారికి కప్పింది. ఆయన అలవాటు ప్రకారం చేతులు జోడించారు. ఆమె గుమ్మం దాటగానే తీసేసి, "ఇంత వెచ్చటిది ఈ ఊళ్లో ఎప్పుడు కప్పుకుంటాం?" అని మడత పెట్టి, కవర్లో వేసి, బీరువాలో మిగతా శాలువాల మీద పెట్టారు.

మా బీరువాలో ఒక అర నిండా శాలువాలే. మన సన్మానం శాలువా సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అది కప్పుకునే బట్ట కాదు. ఫొటో తీసేంతసేపు ఒకరి భుజం మీదుండి, మడతపడి కవర్లోకి పోయి, ఇంకో సభలో ఇంకొకరి భుజమెక్కుతుంది. మావారికి కప్పినవి ఆయన ఇంకొకరికి కప్పేవారు, వాళ్లు మరొకరికి. ఏ శాలువా ఎవరిదో ఎవరూ గుర్తుపట్టరు, కాబట్టి ఎవరికీ సిగ్గుండదు.

ఆ తర్వాత ఆమె మా ఇంటికొచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "సారూ, చలి పెడ్తలేదా?" ఉగాది ముందు అడిగింది, ఉగాది తర్వాతా అడిగింది. ఫ్యాను కింద చెమటలు కక్కుతున్న మనిషిని పట్టుకుని అడిగింది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆమె మొహం చూడలేక నేనే ఒకనాడు, "పొద్దున్నే వాకింగుకు కప్పుకుపోతారక్కా, మీరు లేవకముందే" అనేశాను. కోడికంటే ముందు లేచే మనిషితో ఆడాల్సిన అబద్ధమేనా అది? మర్నాడు తెల్లవారుజామునే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది, చూడ్డానికి. ఆ మర్నాడూ ఉంది. మావారు శాలువా కప్పుకోలేదు. వెనక సందులోంచి వాకింగుకు వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ ఏడు దసరా అయ్యాక కాలనీ సంఘంవాళ్లు పెద్దలకు సన్మానం పెట్టారు. ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోతే అక్క తన బోరు నీళ్లు గల్లీ మొత్తానికి పట్టుకోనిచ్చింది, అందుకని ఆమెనూ పిలిచారు. సభ మొదలయ్యే వేళకు శాలువాలు తక్కువయ్యాయి. సంఘం కార్యదర్శి మా ఇంటికి పరుగెత్తుకొస్తే, మావారు బీరువా తెరిచి పైనున్న కవర్లు కొన్ని తీసి చేతిలో పెట్టారు. ఆ సమయానికి నేను వేదిక దగ్గర ఉన్నాను.

ఆడవాళ్లకు ఆడవాళ్లే కప్పడం మర్యాద కదా, అక్క వంతు రాగానే నన్ను పిలిచారు. ఆమె ముదురాకుపచ్చ చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, చేతులు ఏంచేయాలో తెలియక మోకాళ్లు పట్టుకుని ఉంది. కార్యదర్శి నా చేతికి కవరిచ్చాడు. శాలువా బయటికి తీసి విప్పాను. చాయ్ రంగు. ఒక అంచు బిగువుగా, మసిమసిగా ఉంది.

తల కొట్టేసినట్టయింది. ఆ కాసేపట్లో నేను ఏమైనా చేసి ఉండొచ్చు. కింద పడేసి ఉండొచ్చు, కళ్లు తిరిగాయని కూర్చుండిపోవచ్చు. కెమెరావాడు, "ఇటు చూడండి మేడమ్" అన్నాడు. నేను ఇటు చూసి, శాలువా ఆమె భుజాల మీద కప్పి, నవ్వాను. ఆ ఫొటోలో ఎంత బాగా నవ్వానో చెప్పలేను.

ఆమె చెయ్యి భుజం మీదికి పోయింది. వేళ్లు అంచు వెంట నడిచి, పెన్సిలు కుట్ల దగ్గర ఆగాయి. ఆమె మొదట నన్ను కాదు, ముందు వరుసలో కూర్చున్న మావారిని చూసింది. ఆయన వేదిక వెనకున్న ఫ్లెక్సీలో అక్షరాలు చదువుతున్నారు. ఈలోగా కిందనుంచి పక్కింటి కోడలు, "అగో! గది పెద్దమ్మ అల్లిన శాలువ గాదూ? సారుకిచ్చింది గద!" అని గట్టిగా అనేసింది. గుసగుసలు లేచాయి.

అక్క లేచి మైకు అందుకున్నది. మైకులో మాట్లాడటం ఆమెకు అదే మొదలు, అదే చివర.

"ఔ, నేను అల్లిందే. సారుది సారు ఇంట్ల ఉన్నది, ఇది ఏరే. నాకు శాలువ కప్పుతున్నరని తెలిసి నేనే టీచరమ్మకు ఇచ్చిన. దుకాణం శాలువ నాకెందుకు, నాది నాకే కప్పుండ్రి అని చెప్పిన. మంచిగున్నదా?" అని అటూ ఇటూ తిరిగి చూపించింది.

జనం గొల్లున నవ్వారు, చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మైకు తీసుకుని, "మా అక్క సన్మానం తనే చేసుకుంటది, మనకు ఖర్చు తక్కువ" అన్నాడు. మళ్లీ నవ్వారు. నేనూ పక్కనే నిలబడి అదంతా విన్నాను.

వేదిక దిగాక వాటర్ డ్రమ్ముల దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అక్కా" అన్నాను.

"ఏం గాదు టీచరమ్మా, పరేషాన్ గాకు. ఇన్నొద్దులు సీదా ఒక్కటే వచ్చు అనుకున్న. ఇయ్యాల ఒక ఉల్టా ఏసిన, గంతే" అన్నది.

తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఒక్క మాట జర నిజం చెప్పు. అండ్ల ఏం తక్కువైంది? మెత్తగ లేదా? ఇంతకన్న మంచి ఊలు ఏడ దొరుకుతదో నాకు తెల్వది."

దానికి నేనేం చెప్పాలి? అందులో ఏమీ తక్కువ కాలేదని చెప్పాలి. అది చెబితే తక్కువైంది ఎక్కడో కూడా చెప్పాలి. "లోపలికి పోదాం పదండక్కా, అన్నాలు పెడుతున్నారు" అన్నాను.

ఆ రోజు నుంచి గల్లీలో అది సామెతైపోయింది. ఎవరైనా తమ గొప్ప తామే చెప్పుకుంటే, "అక్క శాలువ కప్పుకున్నట్టు" అనడం మొదలుపెట్టారు. పిల్లలు కూడా అన్నారు. ఆమె ముందే అన్నారు. ఆమె నవ్వేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని నేను. అది ఆమె గొప్పకు పోవడం కాదు, మా ఇంటి పరువు కాపాడటం అని చెప్పడానికి నాకు రోజూ సందు దొరికేది. రోజూ ఆ సందులోంచి పక్కకు తప్పుకున్నాను. మావారితో అంటే, "ఆమే సర్దుకుపోయింది కదా, ఇప్పుడు కెలకడం ఎందుకు?" అనేవారు.

అంతటితో పోలేదు. ఆమె ఆ శాలువా కప్పుకోవడం మొదలుపెట్టింది. పొద్దు వాలగానే మెట్ల మీద కూర్చునేది, భుజాల మీద శాలువా. చలికాలం పోయింది, మార్చి పోయింది, ఏప్రిల్ వచ్చింది, చెమట కణతల మీంచి కారుతున్నా తీసేది కాదు. ఉండబట్టలేక, "తీసేయరాదా అక్కా, ఉడికిపోతున్నరు" అన్నాను.

"తీస్తే ఎట్ల? నా మోజు కొద్ది కప్పించుకున్న అని చెప్పిన గద. కప్పుకోకుంటె ఎవలన్న నమ్ముతరా?" అన్నది.

ఒక్కరైనా కప్పుకుంటే కళ్లారా చూడాలని ఊరూరా ఊలు వెతికిన మనిషి, ఆ ఒక్కరూ చివరికి తనే అయింది. మా కోసం అయింది. నేను ఎదురుగా మా వరండాలో ఫ్యాను వేసుకుని కూర్చుని అది చూశాను.

గుండెపోటుతో పోయింది. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా లేదన్నారు. వచ్చినవాళ్లంతా ఆచారం ప్రకారం తలా ఒక బట్ట తెచ్చి కప్పారు. అన్నీ దుకాణంవే. ఆమె చేత శాలువాలు తీసుకున్న ఇళ్లన్నింటి నుంచీ మనుషులు వచ్చారు, ఒక్కరూ ఆమె అల్లింది తేలేదు. తేవాలని తోచి ఉండదు, ఎక్కడ పెట్టారో గుర్తుండి ఉండదు. నేను కూడా బజారులో ఆగి ఒకటి కొనుక్కునే వెళ్లాను.

దినాలకు గల్లీలో షామియానా వేసి బల్లలు పెట్టారు. భోజనాల దగ్గర మాటలు ఆమె మీదికే మళ్లాయి. ఊటీలో ఏం చేసింది, మైసూరులో ఏం చేసింది అని ఒక్కొక్కరూ చెబుతుంటే, కార్యదర్శి, "ఏది ఏమన్నగాని, తన శాలువ తనే కప్పించుకున్నది సూడు, అసొంటి మనిషి మళ్ల పుట్టదు" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. పరమాన్నం వడ్డిస్తున్న ఆమె కూతురు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

"అది నిజం కాదు" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఇక ఆపలేదు. ఆ శాలువా ఆమె మావారికిచ్చిందేనని, మేం దాన్ని కప్పుకోకుండా బీరువాలో పడేశామని, పొరపాటున సభకు పంపామని, మా పరువు పోకుండా ఆమె అప్పటికప్పుడు అబద్ధమాడి ఆ నవ్వంతా తన మీదికి తీసుకున్నదని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

తర్వాత పక్కింటి కోడలు ముక్కు చీదుకుని, "సూసిన్రా? పోయినోళ్లకు మాట రావద్దని, తప్పంత తన మీద ఏసుకుంటున్నది మా టీచరమ్మ" అన్నది.

"అది కాదమ్మా, నిజంగానే..." అన్నాను.

"ఊకో టీచరమ్మా. మాకు ఎరుక లేదా? అక్క మైకుల చెప్పంగ మేమందరం ఇన్నం గద" అన్నాడు కార్యదర్శి.

నేను మావారి వైపు తిరిగాను. ఆయన ఒక్కమాట అంటే చాలు. ఆయన చారు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "మా ఆవిడ అంతే. అందరి తప్పులూ తనవే అంటుంది" అన్నారు.

అక్క కూతురు గిన్నె పక్కన పెట్టి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "మా అమ్మంటే నీకు గింత పావురమా, గింత ప్రేమనా చిన్నమ్మా" అని ఏడ్చి, నా విస్తట్లో ఇంకో గారె వేసి, తినమని తనే తుంచి నోట్లో పెట్టింది. ఆ పిల్లకు ఏమని చెప్పను? తినకపోతే బాధపడుతుంది.

"ఒక మాట" అన్నాడు కార్యదర్శి అందరికీ వినబడేలా. "ఈసారి సభల సన్మానం మన టీచరమ్మకే. ఎవలన్న కాదంటరా?"

ఎవరూ కాదనలేదు. కాదనాల్సిన దాన్ని నేను. నోట్లో గారె ఉంది. అది నమిలి మింగేలోపే, కుడిచేతులు ఎంగిలి కాబట్టి, అందరూ ఎడమచేత్తో బల్లల మీద చరిచి ఒప్పేసుకున్నారు.